నల్లమలలో కాటేజీ బుక్ చేసుకున్నారా? గది చుట్టూ తిరిగే అడవిని చూడటం ఇలా

శ్రీశైలం దారిలోని మన్ననూరులోనో, ఆత్మకూరు పక్కన బైర్లూటిలోనో, నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాట్‌లో పచ్చర్లలోనో కాటేజీ తీసుకునేవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. సాయంత్రం సఫారీ జీపెక్కుతారు. పులి కనబడలేదని ఉసూరుమంటూ దిగుతారు. బిర్యానీ తిని, స్పీకర్‌లో పాటలు పెట్టుకుని, అర్ధరాత్రి పడుకుని, ఎండెక్కాక లేస్తారు. వాళ్లు పాటలు వింటున్నప్పుడు దూరంగా జరిగినవి, నిద్రపోతున్నప్పుడు గది వెనక నుంచే నడిచి వెళ్లినవి ఏమేమున్నాయో వాళ్లకి తెలియదు.

ముందు పులి సంగతి తేల్చేద్దాం. 2022 గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు తేలాయి. వీటిలో ఎక్కువ భాగం కృష్ణకు అటూ ఇటూ ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల్లోవే. ఆ రెండూ కలిపి ఆరు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంత అడవిలో, అన్ని కొండలు లోయల మధ్య, రెండు గంటల జీపు తిప్పటలో పులి ఎదురుపడితే అది మీ అదృష్టం. దాని మీదే ప్లాన్ పెట్టుకోకండి. దుప్పి, కణితి (సాంబర్), కొండగొర్రె, ఎలుగు, మానుపిల్లి (చెట్లెక్కే పునుగుపిల్లి జాతి), దేవాంగపిల్లి, బెట్టుడుత, గుడ్లగూబలు మాత్రం కాటేజీ వరండాలో ఓపిగ్గా కూర్చున్నవాళ్లకి దొరికే అవకాశం ఎక్కువ. ఈ మార్గదర్శి అలా కూర్చోదలచినవాళ్ల కోసం. కనీసం రెండు రాత్రులు ఉండండి. మొదటి రాత్రి అడవి మీకు అలవాటు పడటానికే సరిపోతుంది.

1. ఏ నెలలో వెళ్తే ఏం దొరుకుతుంది

జూలై నుంచి సెప్టెంబర్ దాకా సాధారణంగా సఫారీలు ఉండవు. అక్టోబర్ నుంచి జనవరి దాకా అడవి పచ్చగా, చల్లగా ఉంటుంది. కూర్చోవడానికి హాయి, చూడటానికి కష్టం. ఆకుల గుబురులో పది గజాల అవతల దుప్పి నిలబడ్డా కనబడదు. పక్షుల కోసమైతే మాత్రం ఇవే మంచి నెలలు.

ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుతుంది, మోదుగ పూస్తుంది. మోదుగ పూసిన చెట్టు ఒక్కటి కాటేజీ ఎదురుగా ఉంటే పక్షుల కోసం మీరెక్కడికీ కదలక్కర్లేదు. తేనెపిట్టలు, గోరింకలు, పికిలిపిట్టలు, ఏట్రింతలు, చిలకలు అన్నీ తేనె కోసం అక్కడికే వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి, వాటి కోసం ఎలుగులు, దుప్పులు వస్తాయి. ఏప్రిల్, మేలో ఎండ మాడ్చేస్తుంది గానీ జంతువులు నీటి దగ్గరికి రాక తప్పదు. అటవీశాఖ వాళ్లు ట్యాంకర్లతోనో, సోలార్ బోర్లతోనో నింపే సాసర్ పిట్లు (లోతు తక్కువ నీటి తొట్లు) కొన్ని క్యాంపుల దగ్గర్లోనే ఉంటాయి. బుక్ చేసేటప్పుడు అడగాల్సింది ఏసీ ఉందా అని కాదు, దగ్గర్లో నీళ్లున్నాయా అని. నన్నడిగితే మార్చి రెండో సగం అన్నింటికన్నా మంచి సమయం.

జూన్ చివర్లో ఆరుద్ర కార్తె వానలకి ఎర్రటి ఆరుద్ర పురుగులు నేల మీద పాకుతుంటే చూడటం వేరే సరదా. అప్పటికి ఇంకా గేట్లు మూసి ఉండకపోతే పిల్లల్ని తీసుకెళ్లండి.

2. సంచిలో ఏముండాలి

బైనాక్యులర్స్ ఉంటే చాలు, కెమెరా లేకపోయినా పర్లేదు. 8×42 రకం తీసుకుంటే చెయ్యి వణికినా బొమ్మ నిలకడగా ఉంటుంది, మసక వెలుతురులోనూ పనిచేస్తుంది. తలకి కట్టుకునే టార్చి ఒకటి, దాని మీద చుట్టడానికి ఎర్ర జిలుగు కాగితం. చిన్న స్కేలు, నోటుబుక్కు, పెన్సిలు. మడమలు కప్పే బూట్లు. మాసిన ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు. తెల్ల చొక్కా వద్దు. సెంటు, ఘాటు వాసన తలనూనె ఇంట్లోనే వదిలేయండి. అడవి తేనెటీగలకి అవి పడవు.

పెంపుడు కుక్కని వెంట తేవద్దు. చిరుతకి కుక్క ఇష్టమైన ఆహారం. మీ కుక్క ఉందంటే దుప్పి ఆ చుట్టుపక్కలకే రాదు.

3. చేరగానే చుట్టూ వంద గజాలు చదవండి

మధ్యాహ్నం మూడింటికల్లా క్యాంపు చేరేలా బయల్దేరండి. గదిలో సామాను పడేసి, వెలుతురు ఉండగానే సిబ్బందిలో ఒకరిని వెంటబెట్టుకుని కాటేజీ చుట్టూ ఒక చుట్టు తిరగండి. చెంచు ట్రాకర్ ఉంటే ఆయన్నే అడగండి. “అన్నా, రాత్రి ఇటేమొచ్చింది?” అని మొదలుపెడితే చాలు, మీ ప్రశ్నలు అయిపోయాక కూడా ఆయన చూపిస్తూనే ఉంటారు. చెంచుల పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఈ అడవి లోపలే ఉన్నాయి. పులుల రక్షణకి పెట్టిన బేస్ క్యాంపుల్లో పనిచేసేవాళ్లలోనూ చాలామంది వాళ్లే.

ఈ చుట్టులో చూడాల్సినవి నాలుగు: నీళ్లు, పండే చెట్లు, పుట్టలు, దుమ్ము.

నీటి సంగతి తెలిసిందే. చెట్లలో మర్రి, రావి, జువ్వి కాయ మీదుంటే పచ్చపావురాలు, కంసాలి పిట్టలు, కొండముచ్చులు, బెట్టుడుతలు ఖాయం. బెట్టుడుత ఇంటి దగ్గర చూసే చారల ఉడుతలా ఉండదు. తోకతో కలిపి చేయి పొడవు ఉంటుంది, వీపు ముదురు గోధుమ ఎరుపు, పొట్ట లేత రంగు. కొమ్మల చివర ఆకులు, పుల్లలతో కట్టిన గుండ్రటి గూళ్లు కనబడితే అది ఆ చుట్టుపక్కలే ఉందని అర్థం. తునికి, నేరేడు, పరికి, రేగు చెట్లూ గుర్తుపెట్టుకోండి.

చెదపుట్ట పక్కన మోకాలిలోతు గుంట తవ్వి, మట్టి ముద్దలు ఒకే వైపు విసిరేసి ఉంటే అది ఎలుగు పని. దానికి పైదవడలో మధ్య రెండు కొరికే పళ్లు ఉండవు. ఆ ఖాళీలోంచే చెదల్ని పీల్చేసుకుంటుంది, ఆ పీల్చే చప్పుడు రాత్రి చాలా దూరం వినబడుతుంది. గుంటలో మట్టి తడిగా, అంచులు పదునుగా ఉంటే తవ్వి ఎంతోసేపు కాలేదు. అలాంటి చోట ఇంకో అడుగు ముందుకెయ్యకుండా వెనక్కి తిరగండి.

ఇక దుమ్ము. నిప్పు పాకకుండా తుడిచిపెట్టే ఫైర్ లైన్లు, బండిదారులు, వాగు ఇసుక రాత్రి రాకపోకలన్నీ నమోదు చేస్తాయి. గోళ్ల గుర్తులు పడ్డాయా లేదా చూడండి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కాబట్టి పులి, చిరుత, అడవిపిల్లి పాదాల్లో గోటి గీతలు సాధారణంగా ఉండవు. కుక్క, నక్క, తోడేలు, రేచుకుక్క (అడవికుక్క) పాదాల్లో ఉంటాయి. దుమ్ములగొండి పాదంలోనూ గోళ్లు పడతాయి, పైగా దాని ముందరి పాదం వెనకదానికంటే బాగా పెద్దది. చిరుత పాదం వెడల్పు ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు, పెద్ద పులిది సుమారు పన్నెండు నుంచి పదిహేను. స్కేలు పక్కన పెట్టకుండా తీసిన పాదం ఫొటో ఎందుకూ పనికిరాదు. ఊళ్లో అందరూ అది పులే అంటారు.

ఎలుగు పాదంలో ఐదు వేళ్లూ దాదాపు ఒకే వరసలో ఉంటాయి, వాటికి ముందు చాలా దూరంగా గోళ్ల పొడుపులు. వెనక పాదం చూసి మనిషి అడుగనుకునేవాళ్లు ఉన్నారు. గిట్టల్లో దుప్పిది సన్నగా, మొన తేలి ఉంటుంది. అడవి పందిదైతే రెండు గిట్టల వెనక పక్కలకి ఇంకో రెండు చిన్న గుర్తులు పడతాయి, పైగా అది నడిచిన చోట నేలంతా దున్నిపెట్టినట్టు ఉంటుంది. పెంటికల గుట్ట ఒకేచోట పాతవీ కొత్తవీ కలిసి కనబడితే కొండగొర్రె అయి ఉండొచ్చు. అది రోజూ అదే చోటికి వచ్చి వేస్తుంది. మగదానికి నాలుగు కొమ్ములుండే జంతువు ఇది. చెవుల మధ్య రెండు, నుదుటి మీద ఇంకో రెండు పొట్టివి. చూడటానికి మాత్రం ఒంటరి, బిడియం ఎక్కువ. దాన్ని చూశానని చెప్పేవాళ్లలో సగంమంది చూసింది దుప్పి పిల్లని.

దారి పక్క చెట్టు మొదట్లోనో పొద మీదో వేడివేడి బాస్మతి అన్నం వాసన గుప్పుమంటే కాసేపు ఆగండి. పులి సరిహద్దు గుర్తుగా చిమ్మే ద్రవంలో, బాస్మతి బియ్యంలో వాసననిచ్చే రసాయనం ఒకటే. అయితే వెంటనే టెన్షన్ పడక్కర్లేదు, మానుపిల్లి వదిలే వాసన కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది.

తిరిగొచ్చే ముందు ఒక చిన్న పని. సిబ్బందిని అడిగి, గది వెనక కాలిబాటలో రెండు గజాల మేర రాళ్లు, ఆకులు ఊడ్చేసి, మెత్తటి దుమ్ము అంగుళం మందాన పరిచి, చేత్తో చదును చేయండి. రాత్రి అటు నడిచినవి తమ పాదం అందులో వేసి వెళ్తాయి. పొద్దున్నే, ఎవరూ తొక్కకముందే వెళ్లి చూడాలి. పులి రాకపోయినా కుందేలు, ముళ్లపంది, మానుపిల్లి, ముంగిసల్లో ఏదో ఒకటి సంతకం పెట్టి ఉంటుంది. పిల్లలకి ఇది సఫారీ కంటే నచ్చుతుంది.

4. సాయంత్రం: కుర్చీ, గోడ, మౌనం

నాలుగున్నరకల్లా వరండాలో కూర్చోండి. కుర్చీ వెనక గోడ ఉండాలి, మీ ఆకారం వెనకున్న ఆకాశం మీద నల్లగా కనబడకూడదు. లైట్లు తీసేయండి. మాట్లాడాల్సొస్తే గుసగుస వద్దు, మామూలు గొంతు తగ్గించి మాట్లాడండి. గుసగుసలో ఉండే సకారం దుప్పి చెవికి ఇంకా బాగా అందుతుంది. గాలి మీ వైపు నుంచి నీటి వైపు వీస్తుంటే చోటు మార్చండి, లేదంటే మీరెంత కదలకుండా ఉన్నా మీ వాసన ముందే వెళ్లి చెప్పేస్తుంది.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. చాలామంది సరిగ్గా అప్పుడే లేచి టీ కోసం వెళ్తారు. కదలకుండా ఉంటే ముందు చిన్నవి మొదలవుతాయి. జిట్టకోడి ఆకులు చిమ్ముకుంటూ పొదలోంచి బయటికొస్తుంది, అడవికోడి పెట్టలు దారి దాటుతాయి, ముంగిస నిటారుగా నిలబడి చుట్టూ చూస్తుంది. ఆ తర్వాత దుప్పులు. పైన కొండముచ్చులున్న చెట్టు కిందికే అవి రావడం గమనించండి. కొండముచ్చు సగం కొరికి పారేసిన ఆకూ కాయా దుప్పికి తిండి, చెట్టు మీది కొండముచ్చు చూపు దానికి కాపలా. కణితి బాగా చీకటి పడ్డాక గానీ రాదు. వచ్చినా ముందు నీడలో నిలబడి చాలాసేపు చెవులు తిప్పుతూ వింటుంది.

మూషిక జింక ఇక్కడ ఉందని విని దాని కోసం చూసేవాళ్లుంటారు. కుందేలు కంటే అంత పెద్దగా ఉండని జంతువది, కొమ్ములుండవు. హైదరాబాద్ జూ పార్కులో పుట్టించి పెంచినవాటిని 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. కనబడటం మాత్రం చాలా అరుదు. ఏనుగు కోసం అడక్కండి, నల్లమలలో ఏనుగుల్లేవు. అవి కావాలంటే చిత్తూరు వైపు కౌండిన్యకి వెళ్లాలి.

5. కంటికన్నా ముందు చెవి

అడవిలో పెద్ద జంతువు వస్తున్న సంగతి ముందు చెప్పేది మిగతా జంతువులే. ఈ ఒక్క విద్య నేర్చుకుంటే మిగతా సరంజామా లేకపోయినా ఫర్వాలేదు.

దుప్పి భయపడితే ‘క్యావ్’ అని పదునుగా అరుస్తుంది, ముందుకాలితో నేల తంతుంది, తోక పైకెత్తి తెల్లటి అడుగు చూపిస్తుంది. కానీ దుప్పి పిరికిది. మీ తలుపు చప్పుడుకీ అరుస్తుంది, కాబట్టి ఒక్క అరుపుకి లేచి నిలబడకండి. అదే అరుపు ఆగి ఆగి ఐదారుసార్లు వచ్చి, చోటు మారుతూ పోతే అక్కడ ఏదో నడుస్తోందని అర్థం. కొండముచ్చుల గుంపులో మగది గొంతు సవరించినట్టు ‘ఖక్, ఖక్’మని ఆపకుండా దగ్గుతుంటే నమ్మకం పెరుగుతుంది. పైనుంచి దానికి చిరుత కనబడుతోంది. కొండముచ్చు మొహం ఎటు తిరిగి ఉందో చూసి మీ బైనాక్యులర్స్ అటు తిప్పండి. ఇక కణితి. లోతైన గొంతుతో ‘ఢాంక్’మని ఒక్క ముక్క అరుస్తుంది, కొండలు తిరిగి పలుకుతాయి. అది ఊరికే అరవదు. ఈ మూడూ ఒకే దిక్కు నుంచి వస్తే మీరు ఎక్కడికీ వెళ్లొద్దు, టార్చి వేయొద్దు, పక్క కాటేజీవాళ్లని కేకేయొద్దు. అలాగే కూర్చోండి.

పగటి పూట ఏట్రింతలు, పికిలిపిట్టలు, ఉడుతలు ఒకే పొద మీద గుమికూడి గోల చేస్తుంటే అక్కడ పాము గానీ, పగలు బయటపడ్డ గుడ్లగూబ గానీ ఉంటుంది. దూరం నుంచే చూడండి. మోసాలు కూడా ఉంటాయి. తోక చివర రెండు పొడవాటి తీగలు, వాటి కొసన చిన్న రెక్కల్లాంటి ఈకలతో ఎగిరే పెద్ద ఏట్రింత ఒకటుంది. డేగ కూతతో సహా అందరి గొంతులూ అనుకరిస్తుంది, దాన్ని నమ్మి ఆకాశం చూస్తూ కూర్చోకండి.

చీకటి పడగానే గచ్చు మీద వదిలిన గోళీకాయలా టక్, టక్, టకటకటకమని వేగం పెరిగే చప్పుడు వస్తే అది నైట్‌జార్ అనే రాత్రి పక్షి. దారి మీదే పొట్ట ఆనించి కూర్చుంటుంది. అర్ధరాత్రి వణికే గొంతుతో ఎవరో మూలిగినట్టు వినబడి గుండె జారిందా? అది అడవి గుడ్లగూబ. దయ్యం కథలు పుట్టించేది అదే. పైడికంటెలనే చిన్న గుడ్లగూబలు మాత్రం కాటేజీ కప్పు మీదే జంటగా కిచకిచలాడుతూ పోట్లాడుకుంటాయి.

6. రాత్రి టార్చి వేయడం ఒక పద్ధతి

భోజనం అయ్యాక క్యాంపు కంచె దాటొద్దు. కంచె లోపలే చూడ్డానికి బోలెడుంది. టార్చిని చేత్తో నడుము దగ్గర పట్టుకుంటే కళ్లు మెరవడం కనబడదు. తలకి కట్టుకోవాలి, అప్పుడే జంతువు కంట్లోంచి తిరిగొచ్చే వెలుగు సూటిగా మీ కంటికి చేరుతుంది. ముందు ఎర్ర కాగితం వేసి మెల్లగా చెట్ల మీదుగా తిప్పండి.

గడ్డిలో వందల నీలి ఆకుపచ్చ చుక్కలు మెరుస్తుంటే మంచు బిందువులనుకోకండి, అవన్నీ సాలీళ్లు. నేల మీద ఒంటరిగా ఎర్రగా మండే కన్ను నైట్‌జార్‌ది. గుంపుగా, పచ్చగా, మీ నడుము ఎత్తులో ఉంటే దుప్పులు. కొమ్మ మీద నారింజ రంగులో రెండు కళ్లు పక్కపక్కనే, కదలకుండా మిమ్మల్నే చూస్తుంటే మీ పంట పండింది, అది దేవాంగపిల్లి కావచ్చు. పిడికెడు ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు చేతులు, మొహమంతా కళ్లే. తోక ఉండదు. ఒక చేయి వదిలి ఇంకో చేయి పట్టుకోవడానికే చాలాసేపు తీసుకుంటుంది. మిడత దొరికినప్పుడు మాత్రం రెండు చేతులూ ఒక్కసారిగా చాస్తుంది. ఎర్ర కాంతిలో తప్ప దాన్ని చూడకండి, తెల్ల లైటు దాని కళ్లకి బాధ. రెండు నిమిషాలు చూసి వదిలేయండి.

నల్లమలలో చూడదగ్గ అరుదైనది ఇంకొకటి ఉంది. ముదురు నీలం రంగులో మెరుస్తూ, కాళ్ల కీళ్ల దగ్గర పసుపు మచ్చలతో ఉండే పెద్ద సాలీడు. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనాని 1899లో వర్ణించారు. తర్వాత వందేళ్లకి పైగా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది, తొర్ర నోటి దగ్గర పట్టులాంటి గూడు అల్లుతుంది, రాత్రి అక్కడే పురుగుల కోసం కాపు కాస్తుంది. పచ్చర్ల వైపు ఉంటే సిబ్బందిని అడగండి. తొర్రలో పుల్ల పెట్టి కెలకొద్దు.

పడుకునే ముందు మంచం గోడకి దూరంగా జరిపి, దోమతెర అంచులు పరుపు కింద దోపండి. నేల మీద పక్క వేయొద్దు. కట్లపాము రాత్రే తిరుగుతుంది, దాని కాటు పెద్దగా నొప్పి పెట్టదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలయ్యాక గానీ కరిచిందని తెలియదు. బూట్లు గదిలోనే పెట్టి, పొద్దున్న తలకిందులుగా దులిపి తొడుక్కోండి. పెద్దగా నల్లగా ఉండే మండ్రగబ్బని చూసి అందరూ హడలిపోతారు. నిజానికి దానికంటే ఎర్రటి చిన్న తేలే ప్రమాదం.

7. తెల్లవారుజాము

ఐదున్నరకి లేవండి, అలారం శబ్దం తగ్గించి పెట్టుకోండి. ముందు మీ దుమ్ము పలక చూసుకోండి. తర్వాత మళ్లీ కుర్చీలోకి. అడవికోడి కూత ఊరికోడి కూతకంటే కరుగ్గా, తుంపులుగా ఉంటుంది. నెమళ్లు చెట్ల మీంచి దిగుతాయి. జెముడుకాకి పొదల్లోంచి ‘ఊప్ ఊప్’ అంటుంది. ఏడింటికి ఎండ తగిలే ఎండు కొమ్మ మీద పాలపిట్ట వచ్చి కూర్చుంటుంది. నీళ్ల పక్కన తోకపిగిలిపిట్ట కనబడొచ్చు. పెద్ద మగదైతే మల్లెపూవంత తెలుపు, వెనక జానెడు పైన రెండు తోక ఈకలు.

ఈ గంటలో ఇప్పచెట్ల కిందికి మాత్రం వెళ్లకండి. పూలు తెల్లవారుజామున రాలతాయి, ఎలుగు అప్పుడే వస్తుంది. ఎలుగు దూరం నుంచి చూడటానికి ఎంత నవ్వు తెప్పిస్తుందో దగ్గర అంత ప్రమాదం. చెవి, కన్ను అంత చురుకు కాదు, తలొంచి తింటూ ఉంటుంది. మీరు ఉన్నట్టుండి ఎదురైతే పారిపోవడానికి బదులు మీద పడుతుంది. నల్లమలలో పులికన్నా ఎలుగుకే భయపడమని ఇక్కడివాళ్లు చెప్పేది ఇందుకే.

8. మధ్యాహ్నం

పెద్ద జంతువులన్నీ నీడలో పడుకుంటాయి, మీరూ కాసేపు పడుకోండి. లేచాక రాళ్ల మీద ఎర్ర మెడ తొండలు, బండల సందుల్లో ఉడుము, వాగు తడి ఇసుక మీద గుంపుగా వాలే సీతాకోకచిలుకలు. పసిరికపాము కళ్లెదుటే తీగలా వేలాడుతుంటుంది, తెలియక చేయి పెట్టకండి. నక్షత్ర తాబేలు వానాకాలం మొదట్లో దారి దాటుతుంది. ముచ్చటగా ఉందని తీసుకెళ్తే నేరం. 2019లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం నిషేధించే సైటిస్ మొదటి జాబితాలో చేర్చారు, స్మగ్లింగ్ అంత ఎక్కువ.

9. ఎదురుపడితే ఏం చేయాలి

ఎలుగు: పగలు నడిచేటప్పుడు గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లండి. అరవై గజాల్లో కనబడితే చూపు దాని మీదే ఉంచి మెల్లగా వెనక్కి నడవండి. పరిగెత్తొద్దు. చెట్టెక్కినా లాభం లేదు, అది మీకంటే బాగా ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక అల్లి, మొహం నేలకి దాచుకోండి. ఎలుగు దాడిలో దెబ్బతినేది ఎక్కువగా తల, మొహం.

చిరుత: పెద్దవాళ్ల జోలికి రావడం తక్కువ, పిల్లల విషయంలో మాత్రం అజాగ్రత్త పనికిరాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయాక, పిల్లలతో కొండెక్కే వేళల మీద టీటీడీ ఆంక్షలు పెట్టింది. క్యాంపులో కూడా సాయంత్రం ఐదు దాటాక పిల్లలు మీ చేతికందే దూరంలో ఉండాలి. మాంసం ఎముకలు, మిగిలిన అన్నం బయట పారేయొద్దు. వాటికి పందులు, కుక్కలు వస్తాయి, వాటి వెనకే చిరుత వస్తుంది.

పాము: పగలు కనబడే పొడవాటి, వేగంగా పాకే పాముల్లో చాలావరకు జెర్రిపోతులే, విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగే ప్రాణాంతకమైన కాట్లలో ఎక్కువ భాగానికి కారణం. కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం, ఆకు పసరు ఏవీ చేయొద్దు. కరిచిన కాలో చేయో విరిగిన ఎముకలా కదలకుండా కట్టి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఉన్న బండిలో బయల్దేరండి. యాంటీవీనమ్ ఉండే దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఏదో చేరిన రోజే మేనేజర్ని అడిగి రాసుకోండి, కరిచాక వెతుక్కోవడం కాదు.

తేనెటీగలు: బండల అంచులకి, పెద్ద చెట్లకి పలకల్లా వేలాడే పెరతేనె పట్టు కిందికి వెళ్లొద్దు. పొగ, రాయి, డ్రోన్ ఏదీ వద్దు. లేస్తే మొహం కప్పుకుని గదిలోకో కారులోకో పరిగెత్తండి. ఇక్కడ మాత్రం పరుగే సరైనది.

కోతులు: తలుపులు, కిటికీలు వేసి ఉంచండి. చేతిలో కవరు కనబడనివ్వొద్దు. ఘాట్ రోడ్డు మీద అరటిపళ్లు విసిరేవాళ్లే వాటిని బండ్ల కింద పడేస్తున్నారు. ఈ మాట కాస్త కోపంగానే చెప్తున్నాను.

10. రాసుకోండి, పంచుకోవడంలో మాత్రం జాగ్రత్త

చూసినవాటి పేరు తెలియకపోయినా టైము, చోటు, ఏం చేస్తోంది అన్నది రాయండి. పక్షుల కూతకి మెర్లిన్ యాప్ సాయం చేస్తుంది, ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి, అక్కడ నెట్ ఉండదు. పక్షుల జాబితా ఈబర్డ్‌లో, మిగతావి ఐనాచురలిస్ట్‌లో పెడితే పనికొస్తాయి. నీలి సాలీడు, నక్షత్ర తాబేలు, దేవాంగపిల్లి, గూడు కట్టిన పక్షుల ఫొటోలకి లొకేషన్ తీసేయండి. వాటిని పట్టి అమ్ముకునేవాళ్లు కూడా ఆ ఫొటోలు చూస్తారు.

రాలిన దుప్పి కొమ్ము, ముళ్లపంది ముల్లు దొరికితే ఫొటో తీసి అక్కడే వదిలేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం నుంచి అలాంటివి తీసుకెళ్లడం నేరం. పైగా ముళ్లపందులు ఆ కొమ్ముల్నే కొరికి తమకి కావాల్సిన కాల్షియం తెచ్చుకుంటాయి.

తిరుగు ప్రయాణానికి ఒక సలహా. శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటిదాకా చెక్‌పోస్టు గేట్లు మూసి ఉంటాయి. గేటు తీయగానే మొదటి బండి మీదయ్యేలా చూసుకుని, ముప్పై దాటకుండా, అద్దాలు దించుకుని, హారన్ కొట్టకుండా వెళ్లండి. రాత్రంతా బండ్లు తిరగని రోడ్డు మీద కుందేళ్లు, జిట్టకోళ్లు, ముంగిసలు, ఒక్కోసారి రేచుకుక్కల గుంపు కూడా ఇంకా తచ్చాడుతూనే ఉంటాయి. మీ వెనక వచ్చే రెండో బండికి అవేవీ దొరకవు.